కోటు చేతిలో దాచిన చెయ్యి: ‘రోమన్ హాలిడే’ మీద బాబాయ్‌తో కాసేపు

(పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ రాతప్రతి)

నేను: అందరికీ నమస్కారం. ఈసారి పాత హాలీవుడ్ సినిమాల గురించి. 70 ఏళ్ళ కిందటి బ్లాక్ అండ్ వైట్ బొమ్మల్ని ఇవాళ్టి పిల్లలు ఫోన్లో ఎందుకు చూస్తున్నారు? మొత్తం హాలీవుడ్ అంటే తెల్లారిపోతుంది కాబట్టి ఒక్క సినిమానే పట్టుకున్నాం. 1953లో వచ్చిన ‘రోమన్ హాలిడే’. నాతో మా బాబాయ్ ఉన్నాడు. బాబాయ్, ముందే చెప్తున్నా. నాకు సినిమా నచ్చింది కానీ పిచ్చి మాత్రం లేదు.

బాబాయ్: పరవాలేదమ్మా, ఆ పిచ్చి నాకుంది. ఇద్దరికీ సరిపోతుంది.

నేను: చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్పెయ్.

బాబాయ్: యూరప్‌లో ఏదో దేశపు రాకుమారి. దేశాలు తిరుగుతూ రోమ్ వస్తుంది. షేక్‌హ్యాండ్లు, ఉపన్యాసాలు, విందులు. విసుగెత్తి ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా బయటికి పారిపోతుంది. ఒక అమెరికన్ రిపోర్టర్‌కి తగులుతుంది. ఆమె ఎవరో తెలిశాక కూడా వాడు తెలియనట్టే ఊరంతా తిప్పుతాడు, పెద్ద స్టోరీ అమ్ముకుందామని. పక్కనే ఫొటోగ్రాఫర్ ఫ్రెండు సిగరెట్ లైటర్‌లో కెమెరా పెట్టుకుని ఫొటోలు తీస్తుంటాడు. తర్వాత ప్రేమ. తర్వాత ఆమె వెనక్కి వెళ్ళిపోతుంది.

నేను: ఇలాంటివి వంద చూశాం కదా. పాతది కాబట్టే మనం నెత్తిన పెట్టుకుంటున్నామేమో అని నా డౌటు.

బాబాయ్: పాతవన్నీ బాగుంటే ఆ కాలపు సినిమాలన్నీ బతికుండాలి కదమ్మా. అప్పట్లో హాలీవుడ్ స్టూడియోలు ఏడాదికి వందల సినిమాలు తీసేవి. చాలావాటి పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు. నా లెక్క ఒకటుంది. ఆ స్టూడియోలు నటుల జుట్టు, పేరు, పెళ్ళిళ్ళు, అన్నీ తమ చెప్పుచేతల్లో పెట్టుకునేవి. అంత కట్టుదిట్టంలో కూడా అదుపు తప్పి కొన్ని క్షణాలు ఫిల్ము మీద పడ్డాయి. ఇవాళ్టికీ తాజాగా ఉన్నవి అవే.

నేను: ఉదాహరణ?

బాబాయ్: ఆడ్రీ హెప్‌బర్న్‌ని ఈ రాకుమారి వేషానికి తీసుకున్న పద్ధతే చూడు. 1951 సెప్టెంబర్, లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో స్క్రీన్ టెస్ట్. అప్పటికి ఆమెకి 22 ఏళ్ళు. డైరెక్టర్ విలియం వైలర్ అక్కడ లేడు. టెస్ట్ తీసిన థొరాల్డ్ డికిన్సన్‌కి ముందే కబురు పెట్టాడు, సీను అయిపోయిందని చెప్పాక కూడా కెమెరా ఆపొద్దని. ఆమె అయిపోయిందనుకుని ఒళ్ళు సడలించి, నవ్వుతూ మాట్లాడింది. అదంతా రికార్డయింది. వేషం తెచ్చిపెట్టింది ఆ చివరి ముక్కే.

నేను: చెప్పకుండా తీయడం అన్నమాట. ఇవాళ అయితే గొడవయ్యేది.

బాబాయ్: అవును, గొడవ పడాల్సిందే. నేను సమర్థించడం లేదు. ఫలితం గురించి చెప్తున్నా.

నేను: సరే. రాతి మొహం సీను గురించి చెప్పు. నాకు నిజంగా నచ్చింది అదొక్కటే.

బాబాయ్: బోకా డెల్లా వెరిటా. రోమ్‌లో సాంతా మరియా ఇన్ కాస్మెడిన్ అనే చర్చి వసారాలో గోడకి ఆనించిన పెద్ద రాతి మొహం. అబద్ధాలకోరు దాని నోట్లో చెయ్యి పెడితే కొరికేస్తుందని అక్కడి నమ్మకం. సినిమాలో ఇద్దరూ అబద్ధాలాడుతున్నవాళ్ళే కదా, అందుకే ఆ సీను అక్కడ అంత బాగా కుదిరింది. రిపోర్టర్ వేషం వేసిన గ్రెగరీ పెక్ చెయ్యి లోపల పెట్టి, గిలగిల్లాడి, బయటికి లాగేసరికి మణికట్టు దగ్గర చెయ్యే లేదు! కోటు చేతిలోపలికి లాగేసుకున్నాడు. ఆ వేళాకోళం రెడ్ స్కెల్టన్ అనే కమెడియన్ దగ్గర నేర్చుకున్నది. వైలర్‌కి ముందే చెప్పాడు, ఆ అమ్మాయికి చెప్పలేదు. ఆమె కెవ్వుమన్నది నిజంగానే. ఒక్క టేకులో ఓకే.

నేను: వైలర్ ఒక్క టేకుకి ఒప్పుకున్నాడా?

బాబాయ్: అదే విచిత్రం. సీనుకి నలభై టేకులు తీస్తాడని పేరు పడ్డ మనిషి!

నేను: కారులో వీడ్కోలు సీను కూడా ఇలాంటిదేనట కదా. ఆమెకి ఏడుపు రాకపోతే వైలర్ అరిచాడని, ఆ అరుపుకి భోరుమందని హెప్‌బర్న్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఇది వింటే నాకు ఆ సీను మీద ఇష్టం కొంచెం తగ్గింది బాబాయ్.

బాబాయ్: తగ్గనీ. తెలిశాక కూడా మొదట చూసినట్టే చూడాలని రూలేమీ లేదు. మన పాత సినిమాల వెనక ఇలాంటివి లేవంటావా?

నేను: ఉంటాయి. అయినా చిన్నవయసు అమ్మాయి, మొదటి పెద్ద వేషం, ఎదురుగా పేరుమోసిన డైరెక్టర్. సరే, ముందుకెళ్దాం. బ్లాక్ అండ్ వైట్ ఎందుకు? 1953కి కలర్ వచ్చేసింది కదా.

బాబాయ్: డబ్బులమ్మా. వైలర్ రోమ్‌లోనే తీస్తానని పట్టుబట్టాడు. డబ్బు పెట్టిన పారమౌంట్ స్టూడియోవాళ్ళు సెట్టు వేసుకోమన్నారు. చివరికి రాజీ పడ్డారు. రోమ్ సరే కానీ కలర్ లేదు, హీరోయిన్ కూడా కొత్త పిల్ల. ఇంకో సంగతి, యుద్ధం తర్వాత ఇటలీలో అమెరికా సినిమాలు సంపాదించిన డబ్బంతా దేశం దాటనిచ్చేవారు కాదు. అక్కడే ఖర్చు పెట్టుకోవాలి. అలా 1952 వేసవిలో ఎండలో, జనం మధ్యలో షూటింగ్. ఆ వెస్పా స్కూటర్ సీనులో వీధులు చూడు, సెట్టు కాదని చెప్పక్కర్లేదు.

నేను: గ్రెగరీ పెక్ నాకు కొంచెం కర్రలాగా ఉంటాడు బాబాయ్. నువ్వు కోప్పడినా సరే.

బాబాయ్: మా తరానికి పెక్ అంటే ‘మెకన్నాస్ గోల్డ్’. మన కృష్ణగారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ వెనక ఆ సినిమా గాలి ఉంది. గుర్రం మీద చూసిన మనిషిని ఇందులో చూస్తే కర్రలాగే అనిపిస్తాడు, ఒప్పుకుంటా. కానీ తెర వెనక అతను చేసిన పని ఒకటుంది. కాంట్రాక్టు ప్రకారం సినిమా పేరు పైన అతని ఒక్కడి పేరే ఉండాలి. షూటింగ్ జరుగుతుండగా తన ఏజెంటుకి ఫోన్ చేసి, ఆ అమ్మాయి పేరు కూడా నా పక్కన పైనే వెయ్యమన్నాడు. ఆమెకి ఆస్కార్ వస్తుంది, అప్పుడు నేను వెర్రివాణ్ణవుతా అన్నాడు.

నేను: వచ్చింది కదా, నిజంగానే.

బాబాయ్: ఉత్తమ నటి ఆస్కార్, 1954 మార్చిలో. మన దగ్గరైతే ‘గుండమ్మ కథ’ టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు వెయ్యాలో తేలక ఫొటోలు వేశారు! (నవ్వు)

నేను: అదొక కళాఖండం. నాకు అసలు ఆశ్చర్యమనిపించింది మాత్రం కథ రాసినాయన సంగతి.

బాబాయ్: డాల్టన్ ట్రంబో. 1947లో హాలీవుడ్‌లో కమ్యూనిస్టుల వేట మొదలైంది. కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, వేసిన కమిటీ ముందు జవాబు చెప్పనన్నాడు. జైలుకి పోయాడు, స్టూడియోల తలుపులు మూసుకున్నాయి. అందుకని ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ అనే స్నేహితుడి పేరు మీద ఈ కథ అమ్మాడు. కథకి ఆస్కార్ వచ్చింది, హంటర్ పేరు మీద.

నేను: అంటే తోటివాళ్ళ పేర్లు చెప్పనన్న మనిషి, స్టోరీ చేతిలో ఉన్నా బయటపెట్టని రిపోర్టర్ కథ రాశాడు!

బాబాయ్: బాగుంది కానీ అంత సూటిగా ముడిపెట్టకు. స్క్రీన్‌ప్లేలో వేరేవాళ్ళ చెయ్యి కూడా ఉంది. కథలో గుట్టు ఉండటం రచయితల మామూలు అలవాటే.

నేను: నువ్వు ముడిపెట్టొద్దంటే ఇంకా ముడిపెట్టాలనిపిస్తోంది. ట్రంబో 1976లో పోయాడు. అకాడమీ ఆ ఆస్కార్‌ని 1993లో ఆయన భార్యకి ఇచ్చింది. అదే ఏడాది జనవరిలో హెప్‌బర్న్ పోయింది. రచయితల సంఘం సినిమా మీద ఆయన పేరు తిరిగి పెట్టింది 2011లో. 58 ఏళ్ళు!

బాబాయ్: ఇప్పుడు నీ మొదటి ప్రశ్నకి వస్తా. వంద చూశాం అన్నావు. ఆ వందలో చివర్న రాకుమారి కిరీటం పారేసి వాడితో వెళ్ళిపోయినవి ఎన్ని? ఇందులో అలా జరగదు. ప్రెస్ మీట్ పెడతారు. నచ్చిన ఊరేదంటే ముందు నేర్పిన జవాబే మొదలుపెడుతుంది, ప్రతి ఊరూ దాని తీరులో అని. మధ్యలో ఆగి, రోమ్ అంటుంది. ఫొటోగ్రాఫర్ ఆ ఫొటోల కవరు ఆమె చేతికే ఇచ్చేస్తాడు. ఎవరూ ఏమీ ఒప్పుకోరు, అందరికీ అర్థమవుతుంది.

నేను: అక్కడ నేనూ కదలకుండా కూర్చున్నా. కానీ ఒక్కటి చెప్పనా? రెండోసారి చూసినప్పుడు నాకు నచ్చింది ఆమె రోమ్ అనడం కాదు. పారిపోయి తిరిగొచ్చిన రాత్రి, రాజ్యం పట్ల మీ బాధ్యత అంటూ పెద్దవాళ్ళు మొదలుపెట్టగానే, అది తెలియకపోతే అసలు వెనక్కి వచ్చేదాన్నే కాదు అంటుంది చూడు. రోజూ రాత్రి ఇచ్చే పాలు, బిస్కట్లు కూడా వద్దంటుంది. అక్కడ ఆమెని ఎవరూ ఏడిపించాల్సిన పని లేకపోయింది. అది నటన.

బాబాయ్: నా లెక్క పడగొట్టావు.

నేను: సగమే పడగొట్టాను. వచ్చేసారి 1934 నాటి ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’. అందులోనూ పారిపోయే అమ్మాయి, రిపోర్టరే. బాబాయ్, ఈలోపు చూసిరా. సబ్‌టైటిల్స్ పెట్టుకో, క్లార్క్ గేబుల్ చాలా వేగంగా మాట్లాడతాడు.