ఏ కూర పక్కన ఏ గ్లాసు

శ్రోతలందరికీ నమస్కారం.

ఉగాది మర్నాడు మా ఇంట్లో చేపల పులుసు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు పండక్కి వచ్చి ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. భోజనానికి కూర్చునే ముందు ఫ్రిజ్‌లోంచి ఓ డబ్బా తీశాడు. చూడ్డానికి అచ్చం కూల్‌డ్రింకు డబ్బాలాగే ఉంది. "వైన్, మావయ్యా. ఎండలు మొదలయ్యే రోజులకి బావుంటుంది," అన్నాడు. తెల్ల ద్రాక్షతో చేసింది, సన్నగా నురగ వచ్చే రకం, బాగా చల్లబెట్టాడు. ముందు రొయ్యల వేపుడు వడ్డించాం. రెండు రొయ్యలు నోట్లో వేసుకుని ఒక గుక్క తాగాడు. మొహం వెలిగిపోయింది. తర్వాత పులుసు కలుపుకున్నాడు. ముద్ద మింగి గుక్క తాగాడో లేదో, గ్లాసు పక్కన పెట్టేశాడు. "నాలుక మండిపోతోంది మావయ్యా. వైనేమో చప్పబడిపోయింది. ఇందాక తాగింది ఇదే కదా!"

అదే డబ్బా, అదే మనిషి. మారింది కూర ఒక్కటే. ఈ రోజు నేను మీతో చెప్పాలనుకున్నది ఆ కూర గురించే. ఏ తిండి పక్కన ఏ పానీయం పెట్టాలి, అందులోనూ ఈ చైత్రమాసంలో, మన గోదావరి డెల్టాలో.

ముందు వాడి సందేహం తీర్చేస్తాను. మద్యం కారాన్ని ఎగదోస్తుంది. నాలుక మీద మిరపకాయ పుట్టించే మంటకి వైన్ తోడైతే అది రెట్టింపవుతుంది. నురగ కూడా అంతే, గ్యాసు నాలుకని చురుక్కుమనిపిస్తుంది. ఇక పులుపు. కూరలో చింతపండు పులుపు ఎక్కువగా ఉండి, గ్లాసులో దానికంటే తక్కువ ఉంటే, గ్లాసు ఓడిపోతుంది. చప్పబడటం అంటే అదే. వేపుడు దగ్గర ఈ గొడవ లేదు. వేపుడులో నూనె, ఉప్పు. వైన్‌లో పులుపు, నురగ. జిడ్డుని పులుపు కడిగేస్తుంది, నోరు మళ్ళీ ముద్దకి సిద్ధమవుతుంది. రొయ్యల వేపుడు మీద నిమ్మకాయ పిండుకునే మనకి ఇది కొత్త విషయమేం కాదు.

డబ్బా వైన్ కొనేవాళ్ళు ఉంటారు కాబట్టి రెండు మాటలు చెబుతాను. ఆ డబ్బా లోపల సన్నటి పూత ఉంటుంది. వైన్ పులుపు, అది పాడవకుండా కలిపే గంధకం అల్యూమినియంకి నేరుగా తగిలితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన పుడుతుంది. అందుకే ఆ పూత. ఏళ్ళ తరబడి దాచుకునే సరుకు కాదది, తేదీ చూసి కొనుక్కుని త్వరగా తాగెయ్యాల్సిందే. తేలికపాటి తెల్ల వైన్, గులాబీ రంగు వైన్ డబ్బాకి నప్పుతాయి. కారం కూరల పక్కన అయితే కాస్త తీపి ఉన్నదే తీసుకోవాలి. ఇంకో సంగతి, 250 మిల్లీలీటర్ల డబ్బా అంటే కూల్‌డ్రింకు అంత అనిపిస్తుంది గానీ, 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో అది మూడో వంతు. నూటికి 12 పాళ్ళు మద్యం ఉన్న వైన్ అయితే, ఒక్క డబ్బాలో 30 మిల్లీలీటర్ల అసలు మద్యం ఉన్నట్టు. అర లీటరు కల్లులో కూడా అంత ఉండదు. అది తాగాక బండి తాళం ముట్టుకోకండి.

సరే, వైన్ సంగతి పక్కన పెడదాం. వసంతంలో మన చెట్లు ఇచ్చేవి మనకి ఉన్నాయి. వాటి గురించి మాట్లాడాలనే నా ఆత్రమంతా.

మా ఊరి కాలవ గట్టు మీద తాటిచెట్లు వరసగా ఉంటాయి. సంక్రాంతి దాటాక గీత మొదలవుతుంది. మాకు కల్లు గీసే ఒక పెద్దాయన ఉన్నారు, చిన్నప్పటి నుంచీ బాబాయి అనే పిలుస్తాం. తెల్లారక ముందే వెళ్ళాలి. నడుముకి మోకు బిగించుకుని, చీకట్లోనే పైకి పోతారు. కింద మనకి కనబడేది ఏమీ ఉండదు, కత్తి గెల కొసని చెక్కే సన్నటి చప్పుడు ఒక్కటే వినబడుతుంది. రోజూ కాగితం మందాన చెక్కాలి, లోతుగా తెగితే గెల ఎండిపోతుంది. కుండ లోపల సున్నం రాసి ఉంచుతారు. సున్నం ఉంటే రసం పులవడం ఆలస్యమవుతుంది. దిగాక గుడ్డలో వడకట్టి తాటాకు దొప్పలో పోస్తారు. చీమలూ తేనెటీగలూ గుడ్డ మీద ఆగిపోతాయి. అదే నీరా. మొదటి గుక్కలో లేత తాటాకు వాసన, వెనకాల పల్చటి తీపి, ఆఖర్న సున్నం తాలూకు చిన్న జారుడు. నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర ఉంటుంది గానీ, వెగటు పుట్టదు. మత్తుండదు, పిల్లలకీ పోయొచ్చు.

ఆ నీరా పక్కన ఏం పెట్టాలి? దిబ్బరొట్టె. నిప్పుల మీద మందంగా కాల్చిన మినపరొట్టె, అడుగు ఎర్రగా పెళుసుగా, లోపల మెత్తగా. పాలకొల్లు, నరసాపురం వైపు దీన్ని చెరకు పానకంలో ముంచుకుని తింటారు. పానకం చిక్కన, రెండో రొట్టెకి మొహం మొత్తుతుంది. నీరా పల్చన, మాడిన మినుముల చిరుచేదుకి దాని తీపి సరిగ్గా సరిపోతుంది. నేను ఇప్పటిదాకా చూసిన జోడీల్లో ఇంత చక్కగా కుదిరింది ఇంకోటి లేదు.

అయితే నీరా ఎక్కడికీ ప్రయాణం చెయ్యదు. కాకినాడలో మా పెద్దమ్మకి తీసుకెళ్దామని ఓసారి పాల క్యాను నిండా పోయించుకుని బస్సెక్కాను. మార్చి నెల, కిటికీ పక్క సీటు, ఎండ. రామచంద్రపురం దాటేసరికి మూత దగ్గర నురగ బుసబుసమని పైకొచ్చింది. పెద్దమ్మ మూత తీసి వాసన చూసి, "ఇది కల్లురా నాయనా, నేను తాగను," అని పెరట్లో అరటి చెట్టుకి పోసేసింది. ఆవిడ నీరా కోసం ఎన్నేళ్ళుగా అడుగుతోందో నాకు తెలుసు. ఆ ఏడాది ఎండాకాలం మళ్ళీ వెళ్ళలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఎందుకలా అవుతుందంటే, గాలిలో ఉండే ఈస్టు చక్కెరని తినేసి మద్యంగా, గ్యాసుగా మార్చేస్తుంది. ఎండలో గంటల వ్యవధి చాలు. మూత గట్టిగా బిగిస్తే సీసా పేలినా పేలుతుంది. చల్లదనం ఒక్కటే దానికి కళ్ళెం. కేరళలో కాసరగోడ్‌లోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి గెలకి ఐసు పెట్టె కట్టి, సున్నం లేకుండా రసం తీసే పద్ధతి తెచ్చింది, ఆ రసానికి కల్పరస అని పేరు పెట్టారు. మన వైపు రంపచోడవరం దగ్గర పందిరిమామిడి పరిశోధన స్థానం తాటి మీద పని చేస్తోంది. చల్లని పెట్టెలో తెచ్చిన నీరా రాజమండ్రిలో ప్రతి టిఫిన్ సెంటర్లో దొరికే రోజు రావాలని నా కోరిక.

పులిసిపోయింది కదా అని కల్లుని తీసిపారెయ్యను. నూటికి నాలుగైదు పాళ్ళు మద్యం, మంచి పులుపు, చిన్న నురగ. మా మేనల్లుడి పులుసుకి సరైన జోడీ అదే. చింతపండుకి దీటుగా నిలబడే పులుపు కల్లుకి ఉంది, వైన్‌లో ఉన్నంత మద్యం లేదు. పెద్దలు మాత్రమే, ఒక్క గ్లాసు మాత్రమే, అదీ గీసిన మనిషి ఎవరో తెలిస్తేనే. ఏవో పొడులు కలిపిన దాని జోలికి పోవద్దు.

ఇక కోనసీమ బొండం. దీన్ని అన్నింటి పక్కనా పెట్టేస్తాం, అక్కడే పొరపాటు. పులుసు పక్కన బొండం నీళ్ళు ఉత్త నీళ్ళలా ఉంటాయి. బొండం రుచి తెలియాలంటే పనసపొట్టు కూర చెయ్యాలి. ఈ నెలల్లో పనస లేతగా ఉంటుంది, పొట్టు కొట్టించి ఆవ పెట్టి వండితే ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. ఆ ఘాటు మీద లేత బొండం నీళ్ళు తాగి చూడండి. ఉప్పూ తీపీ కలిసిన ఆ మెత్తదనం ఎంత హాయో! గంగాబొండం రకం దొరికితే మరీ మంచిది, తాగడానికే పుట్టిన కాయ అది. అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్ళు మన దేశవాళీ పొడుగు రకంతో దాన్ని కలిపి గోదావరి గంగ అనే సంకర రకం కూడా తెచ్చారు. డబ్బాలో వచ్చే కొబ్బరి నీళ్ళు మాత్రం నాకు నచ్చవు. నిలవ ఉండటానికి వేడి చేస్తారు, ఆ వేడికి అసలు పరిమళం పోతుంది.

ఆవకాయ, పచ్చిమిరపకాయ పచ్చడి లాంటి నిప్పుల దగ్గర సోడా, కూల్‌డ్రింకు పెట్టకండి. పెళ్ళి భోజనాల్లో పిల్లలు కారం తిని ఏడుస్తుంటే చేతికి గ్యాసు సీసా ఇస్తారు, మంట ఇంకా పెరుగుతుంది. మజ్జిగ ఇవ్వండి. పాలలో ఉండే కేసీన్ అనే పదార్థం మిరపకాయ మంటని పట్టుకుని నాలుక మీద నుంచి లాగేస్తుంది. సోడా రుచి తెలియాలంటే మిరపకాయ బజ్జీ కాకుండా అరటికాయ బజ్జీ తినండి, మధ్యలో గోళీ సోడాలో నిమ్మకాయ, ఉప్పు. రామచంద్రపురంలో 1919లో మొదలైన ఆర్టోస్ కూల్‌డ్రింకు ఉంది చూశారూ, దాని తీపికి ఉప్పగా వేయించిన జీడిపప్పు బావుంటుంది.

పూతరేకుల దగ్గర ఏ పానీయమూ వద్దు. ఆత్రేయపురం పూతరేకు తిన్న నోటికి నీరా కూడా నీళ్ళలా అనిపిస్తుంది. మంచినీళ్ళు తాగండి, చాలు.

ఇదంతా మన పెద్దవాళ్ళకి తెలియకపోతే వడపప్పు, పానకం ఎలా పుట్టాయి? శ్రీరామనవమి పందిట్లో చూడండి. నానబెట్టిన పెసరపప్పు, చప్పగా చల్లగా, కాసిన్ని కొబ్బరి ముక్కలు, మామిడి కోరు. పక్కన బెల్లం, మిరియాలు, శొంఠి, ఏలకులు వేసిన పానకం, తీపీ ఘాటూ. రెండూ విడివిడిగా తింటే అసంపూర్తిగా ఉంటాయి. దొప్పలో పప్పు నములుతూ గ్లాసు ఎత్తితే, మిరియం గొంతులో చురుక్కుమనేలోపే పప్పు చల్లదనం వచ్చి సర్దేస్తుంది.

ఈసారి మేనల్లుడు మళ్ళీ వచ్చేది శ్రీరామనవమికే. వాణ్ణి తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి కాలవ గట్టుకి తీసుకెళ్తానని బాబాయికి ముందే చెప్పి ఉంచాను. ఆ రోజు దిబ్బరొట్టెకి పిండి రుబ్బడం మా ఇంట్లో ముందు రోజు సాయంత్రమే. ఈసారి పెద్దమ్మ కూడా మా ఇంట్లోనే ఉంటుంది, ఆవిడ గ్లాసు చెట్టు కిందికే తీసుకెళ్ళి నింపించి, పరుగున తెస్తాను.

సెలవు. నమస్కారం.