పాత వంతెన మీదికి పొద్దున్నే పోనివ్వండి

అధ్యక్షులవారికి, నడక సంఘం పెద్దలకు, సాయంత్రపు నడక మానుకుని మరీ వచ్చిన మీకందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్నవారిని పేరుపేరునా తలచుకోవడం మర్యాదే గానీ, నాకిచ్చిన సమయంలో సగం దానికే పోతుంది కనుక వారు నన్ను మన్నించాలి.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'ఆరోగ్యానికి పరుగు'. మోకాళ్ల గురించీ గుండె గురించీ వైద్యులు నాకంటే బాగా చెప్తారు. నేను చరిత్ర పాఠం చెప్పుకుని బతికినదాన్ని. సెమినార్లకనీ, యాత్రలకనీ, పిల్లల దగ్గరికనీ ఏ పాత ఊరికి వెళ్లినా తెల్లవారకముందే బూట్లు కట్టుకుని వీధిలో పడడం నాకు అలవాటు. ఆ అలవాటు గురించి, దాని వెంట మన రాజమహేంద్రవరం పాత రైలు వంతెన గురించి చెప్తాను. నిజానికి రెండోది చెప్పడానికే ఒప్పుకుని వచ్చాను.

పాత ఊళ్లన్నీ మనిషి నడకను బట్టి కట్టినవి. కోట గుమ్మానికీ అంగడివీధికీ ఎంత దూరం ఉండాలి, రేవుకీ గుడికీ ఎంత దూరం ఉండాలి అన్నది కావడి మోసేవాడి భుజమూ, బిందె ఎత్తుకున్న ఆడదాని నడుమూ నిర్ణయించాయి. కారులో కూర్చుని చూస్తే ఆ లెక్క అందదు. పగలంతా నడిచి చూద్దామంటే జనం, ఎండ, దుకాణాలవాళ్ల పిలుపులు. తెల్లవారుజామున దుకాణాల తలుపులు మూసి ఉంటాయి కనుక వాటి పైనున్న పాత మేడలు కనబడతాయి. గంటలోపల ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి కాళ్ల కింద సాగుతుంది. కావలసిందల్లా రాత్రే లాడ్జి గుమాస్తాతో చెప్పి గేటు తాళం తీయించుకునే ఏర్పాటు చేసుకోవడం. మన దేశంలో పరుగుకి మొదటి అడ్డంకి కుక్కలని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో మాత్రం గేటు తాళమే.

కాశీకి మీలో చాలామంది వెళ్లి ఉంటారు. మనవాళ్లు దిగే ఆంధ్ర ఆశ్రమం మానస సరోవర ఘాట్ దగ్గరే ఉంది. అక్కడ మెట్లు దిగి దక్షిణంగా తిరిగితే, ఎరుపు తెలుపు చారలు వేసిన మెట్లతో కేదార ఘాట్, దాన్ని ఆనుకుని మన విజయనగరం రాజుల పేరున్న ఘాట్, ఆ తరవాత హరిశ్చంద్ర ఘాట్, చివరికి అస్సీ. అది ఏకబిగిన పరిగెత్తే దారి కాదు. నాలుగు మెట్లు ఎక్కాలి, ఆరు దిగాలి, పడవలు కట్టిన తాళ్లు దాటాలి, ఉతికిన బట్టలు ఆరేసి ఉంటే పక్కకి తప్పుకోవాలి. హరిశ్చంద్ర ఘాట్‌లో పేర్చిన కట్టెల మధ్య దారి సన్నబడుతుంది; చితులు కాలుతున్న చోట పరుగు ఆపి తల వంచుకుని నడవాలి, ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. వానాకాలంలో గంగ పెరిగితే కింది మెట్లు మునిగి ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కి దారే ఉండదు. కాశీలో ఎనభై నాలుగు ఘాట్లున్నాయని పిల్లలకి బల్లమీద రాసి చెప్పినదాన్ని నేను. పీష్వాలూ, హోల్కర్లూ, మన విజయనగరం వారూ ఎంతెంత దూరం నుంచి వచ్చి ఆ ఒక్క ఒడ్డున పక్కపక్కనే చోటు కోసం ఎలా ఇరుక్కున్నారో కాళ్లతో కొలిచినప్పుడే తెలిసింది.

మధురలో మీనాక్షి గుడి చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా తమిళ నెలల పేర్లతో వీధులున్నాయి. మాసి వీధులు నాలుగూ చుట్టి వస్తే రథం తిరిగే దారిని మనం తిరిగినట్టే. ముగ్గులు వేస్తున్న ఆడవాళ్లు తల కూడా ఎత్తరు. తొక్కకుండా పోవడం మన పని.

మా అమ్మాయి చదువు వల్ల ఇటలీలో లుక్కా అనే చిన్న ఊరు చూశాను. దాని చుట్టూ సుమారు నాలుగు కిలోమీటర్ల కోటగోడ చెక్కుచెదరకుండా ఉంది. పదిహేడో శతాబ్దం నాటికి పూర్తయిన ఆ గోడ తరవాత యుద్ధాలకి పనికిరాకుండా పోయింది. వాళ్లు దాన్ని పడగొట్టలేదు, తాళమూ వేయలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో దాని మీద చెట్లు నాటి నడకదారి చేశారు. ఇవాళ ఆ ఊరి ముసలివాళ్లు, పసిపిల్లల బళ్లు తోసుకునే తల్లులు, నావంటి పైఊరివాళ్లు అందరూ దాని మీదే ఉంటారు. టికెట్టు లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇక మన గోదావరి సీమకి వద్దాం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక, నీరు తనంతట తాను సముద్రం వైపు జారిపోయేలా కాలువలు తవ్వారు. ఆ వాలు ఎంత తక్కువంటే గట్టు మీద పరిగెత్తేవాడికి ఎత్తుపల్లాలు తెలియనే తెలియవు. పల్లం ఎక్కడైనా ఉంటే అది లాకుల దగ్గరే. యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలన సాగింది. ఆ తిన్నని వీధుల్లో గంటలోపు ఊరంతా అయిపోతుంది.

ద్రాక్షారామంలో మాత్రం నాకొక ముచ్చట జరిగింది. అక్కడి స్తంభాల మీదా గోడల మీదా వందలాది శాసనాలున్నాయి. పిల్లలకి చూపిద్దామని ముందురోజే వెళ్లి బస చేశాను. తెల్లవారుజామున గుడి చుట్టూ తిరిగి కాలువగట్టు ఎక్కాను. వెనక నుంచి పాలక్యాన్లు కట్టిన మోటారు సైకిలు వచ్చి నా పక్కన నెమ్మదించింది. "ఏవండీ, బస్సు తప్పిపోయిందాండీ? ఎక్కండి, దింపేస్తాను" అన్నాడు. లేదు బాబూ, ఊరికే పరిగెడుతున్నానన్నాను. అతను నా వెనక్కి చూశాడు, కుక్కలేమైనా తరుముతున్నాయేమోనని. ఏమీ లేవు. "ఊరికే ఎందుకు పరిగెడతారండీ?" అన్నాడు. గుడి చూడ్డానికొచ్చానని చెప్పాను. "గుడి అటుందండీ, మీరు ఇటు పోతున్నారు. ఆయ్" అన్నాడు. నేను తిరిగి ఊళ్లోకి వచ్చేదాకా వదలకుండా పక్కనే నడిపించుకొచ్చి, టీకొట్టువాడితో "ఈ మేడంగారికి గుడి చూపించండి" అని అప్పగించి మరీ వెళ్లాడు. మీరు నవ్వుతున్నారు, నవ్వండి. ఆ మనిషి మర్యాదకి నేను దణ్ణం పెడతాను. కానీ యాభై దాటిన ఆడది పొద్దున్నే కారణం లేకుండా రోడ్డు మీద ఉండవచ్చుననే ఊహ మన ఊళ్లలో ఇంకా ఎందుకు రాలేదు? ఆ ఊహకి చోటు చూపించాలి కదా. చోటు ఉంటే జనం కనబడతారు, జనం కనబడితే ప్రశ్నలు వాటంతటవే తగ్గుతాయి.

ఆ చోటు మనకుంది. అదే గోదావరి మీది మన పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన. దాని పని 1897లో మొదలై, 1900లో దాని మీద రైళ్లు నడిచాయి. అంతవరకు మద్రాసుకీ కలకత్తాకీ మధ్య గోదావరి దగ్గర పడవ ఎక్కవలసిందే. 1997లో రైళ్లు ఆగిపోయాయి. రాతి స్తంభాల మీద యాభై ఆరు ఖానాలతో, రెండున్నర కిలోమీటర్లకు పైబడిన పొడవుతో అది అలాగే నిలబడి ఉంది. ఏ పాత నగరంలోనైనా నదిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వాహనం పక్కన లేకుండా పాదాలతో దాటే అవకాశం ఉంటే దేశదేశాల నుంచి వచ్చేవాళ్లు. మనం మాత్రం తరాలుగా దాన్ని గట్టు మీద నుంచి చూస్తూ వేరుశనక్కాయలు తింటున్నాం. ఒకనాడు దాని మొదట్లో నిలబడి ఉంటే కాపలా కుర్రవాడొచ్చి, ఇక్కడ నిలబడకూడదన్నాడు. ఎందుకు నాయనా అంటే, అది తనకీ చెప్పలేదన్నాడు. చరిత్ర మేష్టర్లం, మేము ఇలాంటి జవాబులు చాలా విన్నాం గానీ, ఇంత నిజాయితీ గలది వినలేదు.

2025 జూన్‌లో అఖండ గోదావరి పర్యాటక పథకానికి శంకుస్థాపన జరిగింది. అందులో ఈ వంతెనా, పుష్కర ఘాట్ బాగుచేతా ఉన్నాయి. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. నాకు సంతోషమే. దీపాలు పెట్టండి, దుకాణాలు పెట్టండి, ఫోటోలకి చోట్లు కట్టండి, కాదనను. లుక్కా గోడకి టికెట్టు లేదన్నాను కదా, నా భయం టికెట్టు కిటికీ గురించే. పదింటికి తెరిచి రాత్రికి మూసే కిటికీ వస్తే పొద్దుటి మనిషికి అక్కడ పనే ఉండదు. ఎండెక్కాక మన వేసవిలో ఇనుప వంతెన మీద ఎవరు నడుస్తారో మీరే చెప్పండి. పుదుచ్చేరిలో సముద్రపు ఒడ్డు రోడ్డు మీదికి సాయంత్రం నుంచి మర్నాడు ఉదయం దాకా వాహనాలు రానివ్వరు. ఆ వేళ అది నడిచేవాళ్లది. అంతకంటే ఎక్కువ నేను అడగడం లేదు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా, టికెట్టు లేకుండా, ఇటు రాజమహేంద్రవరం వైపూ అటు కొవ్వూరు వైపూ రెండు గేట్లూ తెరిచి ఉంచాలి. ఒక్క గేటే తెరిస్తే సగం దాకా వెళ్లి వెనక్కి రావాలి. అది షికారు అవుతుంది గానీ నది దాటడం అవదు. ఆడవాళ్ల కోసం వంతెన పొడవునా వెలుతురు, ఇద్దరు కాపలా మనుషులు, రెండు కొసలా మరుగుదొడ్డి ఉండాలి. మీ సంతకాల కోసం తెచ్చిన అభ్యర్థనలో ఇవే రాశాను.

భద్రత మాటేమిటని కిందటిసారి ఒక పెద్దాయన అడిగారు. స్తంభాల బలం ఇంజనీర్లు చూసి చెప్పవలసిందే. వారు వద్దంటే నేను నోరెత్తను. ఆ పరీక్ష చేయించి ఫలితం ఊరందరికీ తెలిసేలా పెట్టమని కూడా అభ్యర్థనలో ఉంది.

కాగితం ఆఖరి వరుస వెనక బల్ల మీద ఉంది. సంతకం పక్కన ఊరిపేరు కూడా రాయండి. ఇప్పటిదాకా పడినవన్నీ ఈ ఒడ్డువే. కొవ్వూరు నుంచి వచ్చినవారు ఈ హాల్లో ఉంటే, దయచేసి ముందు మీరు లేవండి. వంతెన రెండో కొస మీ ఊళ్లో ఉంది. మీ సంతకాలు లేకుండా రెండో గేటు అడగడానికి నాకు మొహం చెల్లదు.