సరిపోయిన పార్టు, ఒప్పుకోని బోర్డు

హోస్ట్: నమస్కారం. ఈరోజు మైకు ముందు మా బాబాయ్ ఉన్నారు. 28 ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నారు. టేబుల్ మీద నా ల్యాప్‌టాప్ ఉంది, అడుగు మూత తీసి. 8 జీబీ ర్యామ్ చాలట్లేదు, ఇంకో 8 వేయించుకుందామని తెచ్చాను. బాబాయ్ మూత తీసి, లోపల ఒక నిమిషం చూసి, "ఇది కుదరదమ్మా" అన్నారు. ఎందుకు కుదరదు బాబాయ్?

బాబాయ్: ఇటు వంగి చూడు. ప్రాసెసర్ పక్కన నల్లగా, బొటనవేలి గోరంత చిప్పులు నాలుగున్నాయే, అదే నీ ర్యామ్. తీసి వేరేది పెట్టడానికి స్లాట్ అనేదే లేదు. ఒక్కో చిప్పు అడుగున కంటికి ఆనని టంకం బొట్లు వందకు పైగా ఉంటాయి. వాటితోనే బోర్డుకి అతికించేశారు.

హోస్ట్: హాట్ ఎయిర్‌తో, అదే వేడి గాలి ఊదే మిషన్‌తో, ఊడదీసి పెద్దవి వెయ్యలేరా?

బాబాయ్: వేసేవాళ్లున్నారు. నేనూ వేశాను. కానీ చిప్పు మారిస్తే సరిపోదు. ఎంత ర్యామ్ ఉందో బోర్డుకి చెప్పే చిన్న చిన్న రెసిస్టర్లుంటాయి, చాలా వాటిలో అవీ మార్చాలి. కొన్నిట్లో బయోస్‌లో, అంటే మిషన్ ఆన్ కాగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్‌లో కూడా చెయ్యి పెట్టాలి. వేడి కాస్త ఎక్కువ తగిలిందా, పక్కనున్న ప్రాసెసర్ పోతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఇదే పని రెండు క్లిప్పులు పక్కకి నొక్కితే అయిపోయేది. ర్యామ్ దానంతటదే పైకి లేచేది.

హోస్ట్: అంటే కంపెనీవాళ్లు కావాలనే చేశారన్నమాట.

బాబాయ్: అక్కడే తొందరపడకూడదు. నా దగ్గరికి వచ్చే మిషన్లని నేను రెండు రకాలుగా చూస్తాను. ఒకదాంట్లో పార్టు వేరేగా ఉంటుంది, దానికి వేగమో కరెంటో చోటో ఏదో ఒక కారణం ఉంటుంది. ఇంకోదాంట్లో బయటి పార్టు చక్కగా కూర్చుంటుంది, పనిచేసే సత్తా దానికుంది, అయినా పనిచెయ్యనివ్వరు. తాళం వేసి పెడతారు. మొదటిదాని మీద నాకు బాధ ఉంటుంది కానీ అర్థం చేసుకుంటాను. రెండోదాన్ని మాత్రం ఒప్పుకోలేను.

హోస్ట్: నా ర్యామ్ ఏ రకం?

బాబాయ్: మొదటి రకమే, చాలావరకు. నీ మిషన్‌లో ఉన్నది ఎల్‌పీడీడీఆర్ ర్యామ్. తక్కువ కరెంటు తింటుంది, వేగంగా నడుస్తుంది. ఆ వేగంలో ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దూరం పెరిగినా, మధ్యలో స్లాట్ పిన్నులు అడ్డొచ్చినా సిగ్నల్ చెదిరిపోతుంది. ఫ్రేమ్‌వర్క్ అని ఒక కంపెనీ ఉంది. కొన్నవాళ్లు సొంతంగా విప్పి, పార్టులు మార్చుకునే ల్యాప్‌టాప్‌లు చెయ్యడమే దాని పని. 2021లో మొదటిది తెచ్చింది. అలాంటి కంపెనీయే 2025లో డెస్క్‌టాప్ తెచ్చినప్పుడు ర్యామ్‌ని బోర్డుకే అతికించింది. అందులోది ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్, దానికి ర్యామ్ దారి 256 బిట్ల వెడల్పు. విడిగా తీసే మాడ్యూల్ పెట్టడం కుదురుతుందా అని ఏఎమ్‌డీ వాళ్లని అడిగారు, వాళ్లు లెక్కలు కట్టి చూసి సిగ్నల్ నిలవదన్నారు. ఆ సంగతి కంపెనీ బయటికే చెప్పింది. అలా చెప్తే నాకు పేచీ లేదు.

హోస్ట్: మరి ల్యాప్‌టాప్‌లకి ఇక దారి లేనట్టేనా?

బాబాయ్: ఉంది. 2022లో డెల్ ఒక కొత్త రకం ర్యామ్ మాడ్యూల్ తెచ్చింది, క్యామ్ అని. బోర్డు మీద చదునుగా పడుకుంటుంది, స్క్రూలతో బిగిస్తారు. మొదట్లో అందరూ తిట్టారు, ఇదీ సొంత పార్టేగా అని. నేనూ అదే అనుకున్నాను. కానీ వాళ్లు ఆ డిజైన్‌ని జెడెక్ ముందు పెట్టారు. మెమరీ ప్రమాణాలు రాసే సంస్థ అది. 2023 డిసెంబర్‌లో క్యామ్2 పేరుతో అందరికీ ప్రమాణం అయింది. దాంట్లోనే ఎల్‌పీడీడీఆర్ రకం కూడా ఉంది. అంటే నీ ల్యాప్‌టాప్‌లో అతికించిన ర్యామ్ లాంటిదే, కాకపోతే స్క్రూలు విప్పి తీసెయ్యొచ్చు. కొత్తగా తయారుచేసింది ఎవరన్నది నాకు పెద్ద విషయం కాదమ్మా. చేశాక తలుపు తెరిచారా, మూసి గొళ్లెం పెట్టుకున్నారా అన్నదే విషయం.

హోస్ట్: గొళ్లెం పెట్టినదానితో మీకు మొదటి దెబ్బ ఎప్పుడు తగిలింది?

బాబాయ్: పనిలోకొచ్చిన కొత్తల్లోనే. ఇప్పటికీ ఆ వాసన గుర్తుంది. పేరున్న కంపెనీ డెస్క్‌టాప్ ఒకటి వచ్చింది, ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే లోపలి పార్టులకి కరెంటు పంచే డబ్బా, పోయింది. కొత్తది తెచ్చాను. కనెక్టర్ 20 పిన్నులది, బోర్డులో గట్టిగా, క్లిక్‌మని కూర్చుంది. బటన్ నొక్కాను. టప్‌మని చప్పుడు, పొగ. బోర్డు పోయింది, నా కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ కూడా పోయింది.

హోస్ట్: కనెక్టర్ సరిగ్గా పట్టిందిగా, మరెందుకు పోయింది?

బాబాయ్: ఆకారం ఒకటే, తీగల వరస వేరు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చింది. ఏ పిన్నులో ఏం రావాలో అందులో రాసి ఉంటుంది. నారింజ తీగ 3.3 వోల్టులు, ఎర్రది 5, పసుపుది 12, నల్లది గ్రౌండ్. ఆకుపచ్చదాన్ని నల్లదానికి కలిపితే ఎస్‌ఎమ్‌పీఎస్ ఆన్ అవుతుంది. ఏ కంపెనీదైనా అంతే. అందుకే ఎవడి పెట్టెకైనా ఎవడి ఎస్‌ఎమ్‌పీఎస్ అయినా వేసేవాళ్లం. ఆ రోజు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, తీగలు ఒక్కొక్కటీ వేలితో పట్టుకుని చూశాను. మామూలుగా నల్ల తీగ ఉండాల్సిన గుంటలో వాళ్లది ఎర్ర తీగ. గ్రౌండ్ రావాల్సిన చోట 5 వోల్టులు. 3.3 వోల్టుల్ని తీసి పక్కన ఇంకో చిన్న కనెక్టర్‌లో పెట్టారు. వేరే వరస కావాలంటే పెట్టుకోవచ్చు, వేరే ఆకారం కనెక్టర్ పెట్టాలి కదా. అప్పుడు నాది అందులో దూరేదే కాదు. ఆ బోర్డు నా డబ్బుతో మార్చి ఇచ్చాను. ఆ తర్వాత మీటర్ పెట్టి చూడకుండా ఏ ఎస్‌ఎమ్‌పీఎస్‌నీ తగిలించలేదు.

హోస్ట్: మొదట్నుంచీ ఇలాగే ఉండేదా కంప్యూటర్ లోకం?

బాబాయ్: తిరగబడి ఉండేది. 1981లో ఐబీఎమ్ పీసీ బజార్లో దొరికే పార్టులతోనే కట్టారు. సర్క్యూట్ బొమ్మలు, బయోస్ కోడ్‌తో సహా పుస్తకంగా వేశారు. ఎవరైనా అదనపు పనికి కార్డు చేసి అందులో గుచ్చొచ్చు. దాన్ని చూసి కాంపాక్ లాంటి కంపెనీలవాళ్లు అచ్చం అలాంటివే చేశారు. ఐబీఎమ్ చేతిలోంచి మార్కెట్ జారిపోవడం మొదలైంది. 1987లో పీఎస్/2 అనే కొత్త మిషన్లు తెచ్చి, కార్డుల స్లాట్‌ని మార్చేశారు, మైక్రో చానల్ అని. పాత కార్డులు పట్టవు. కొత్త కార్డు, కొత్త మిషన్ చెయ్యాలంటే ఐబీఎమ్‌కి లైసెన్సు డబ్బు కట్టాలి.

హోస్ట్: పార్టుగా అది మంచిదేనా?

బాబాయ్: మంచిదమ్మా, అబద్ధం చెప్పకూడదు. 32 బిట్లది, కార్డు సెట్టింగు కోసం జంపర్లనే చిన్న క్లిప్పులు పీకి పెట్టే గొడవ లేదు. అయినా నిలవలేదు. మరుసటేడే కాంపాక్‌తో కలిపి తొమ్మిది కంపెనీలు చేతులు కలిపి ఈసా అనే స్లాట్ ప్రకటించాయి, పాత కార్డులు కూడా పట్టేలా. 1992లో ఇంటెల్ వాళ్ల పీసీఐ అనే స్లాట్ వచ్చింది, మైక్రో చానల్ పక్కకి పోయింది. అదే పీఎస్/2లో ఉన్న గుండ్రటి కీబోర్డు, మౌస్ పోర్టులున్నాయే, ఊదారంగూ ఆకుపచ్చా వేసేవాళ్లు తర్వాత, అవి మాత్రం ప్రతి కంపెనీ పెట్టుకుంది. ఇరవై ఏళ్లకి పైగా బతికాయి. ఒకే మిషన్‌లో పుట్టిన రెండు పార్టులు. ఎవరైనా వాడుకోగలిగింది మిగిలింది.

హోస్ట్: ఇందాక తాళం అన్నారు. పట్టి కూడా పనిచెయ్యనిది.

బాబాయ్: దానికి సిసలైన ఉదాహరణ వైఫై కార్డు. ఒక ల్యాప్‌టాప్‌లో వైఫై పోయింది. నా దగ్గర పాడైన ఇంకో ల్యాప్‌టాప్ నుంచి తీసిన కార్డు ఉంది. అదే చిప్పు, అదే సైజు. గుచ్చాను, రెండు యాంటెన్నా తీగలు నొక్కాను, ఆన్ చేశాను. నల్ల తెర మీద రెండు లైన్లు. అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు ఉంది, తీసెయ్యండి అని. అంతే, మిషన్ ముందుకి కదలదు. విండోస్ దాకా కూడా రాదు. బయోస్‌లో ఒక జాబితా ఉంది, అందులో ఈ కార్డు నంబరు లేదు.

హోస్ట్: దానికి కారణం ఏం చెప్తారు?

బాబాయ్: రేడియో అనుమతులంటారు. కార్డు, యాంటెన్నా కలిపి పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెచ్చుకుంటాం, వేరే కార్డు వేస్తే ఆ సర్టిఫికెట్ చెల్లదు అని. వినడానికి బాగానే ఉంటుంది. మరి అదే చట్టం కింద అమ్మే వేరే కంపెనీల ల్యాప్‌టాప్‌లు ఏ కార్డు వేసినా మాట్లాడకుండా ఆన్ అవుతాయి. వాళ్లకి లేని ఇబ్బంది వీళ్లకెందుకొచ్చింది? ఆ కస్టమర్ పరీక్షలకి చదువుకునే కుర్రాడు. యూఎస్‌బీకి గుచ్చే చిన్న వైఫై ముక్క ఇచ్చి పంపాను. లోపల బాగా పనిచేసే కార్డు నా చేతిలో ఉండగా అలా పంపాల్సి వచ్చినందుకు ఆ రోజంతా మనసు బాగోలేదు.

హోస్ట్: చార్జర్లలో కూడా ఇలాంటిది ఉంటుందటగా?

బాబాయ్: ఉంది. కొన్ని చార్జర్ల పిన్ను మధ్యలో వెంట్రుకంత సన్నటి ఇంకో పిన్ను ఉంటుంది. కరెంటు దాంట్లోంచి రాదు. "నేను ఫలానా చార్జర్ని, ఇన్ని వాట్లు ఇవ్వగలను" అని చెప్పే సమాచారం వస్తుంది. ఆ సన్న తీగ కేబుల్‌లో ఎక్కడో తెగితే, పవర్ వస్తూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు, మిషన్ నత్తలా నడుస్తుంది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేసినవాళ్లని చాలామందిని చూశాను. ముందు చార్జర్ మార్చి చూడండి. యూరప్‌లో ఫోన్లకి 2024 డిసెంబర్ 28 నుంచి యూఎస్‌బీ-సీ తప్పనిసరి చేశారు, ల్యాప్‌టాప్‌లకి 2026 ఏప్రిల్ 28 గడువు. దీంతో ఈ గొడవ చాలావరకు తీరిపోతుంది.

హోస్ట్: భద్రత కోసం వేసే తాళాలు కూడా ఉంటాయి కదా. దొంగ చేతికి మన డేటా చిక్కకుండా.

బాబాయ్: ఉండాలి. కాదనను. యాపిల్ వాళ్ల మ్యాక్‌లు తీసుకో. టీ2 అనే భద్రత చిప్ ఉన్న 2018 ల్యాప్‌టాప్‌లలో స్టోరేజి చిప్పులు బోర్డు మీదే ఉంటాయి, వాటిలోకి వెళ్లే డేటా అంతటినీ ఆ టీ2 తన దగ్గరున్న తాళంచెవితో గుట్టుగా మార్చి రాస్తుంది. దొంగ చిప్పులు పీకినా ఒక్క ఫోటో చూడలేడు. మంచిదే. కానీ బోర్డు మీద నీళ్లు పడి ఆ చిప్ పోయిందనుకో, నీ ఫోటో నువ్వూ చూడలేవు. పాత రోజుల్లో బోర్డు చచ్చినా హార్డ్‌డిస్క్ తీసి వేరేదానికి తగిలించి ఇచ్చేవాణ్ని. ఇప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు. అలాంటి మిషన్ ఉన్నవాళ్లు బ్యాకప్ లేకుండా ఒక్క రాత్రి కూడా నిద్రపోవద్దు, చేతులు జోడించి చెప్తున్నాను.

హోస్ట్: సర్వర్లలో కూడా ఇలాంటిది ఉందని ఫోన్‌లో చెప్పారు.

బాబాయ్: అది ఇంకా బాధ కలిగించేది. సర్వర్లంటే కంపెనీలు నడిపే పెద్ద కంప్యూటర్లు, వాటికి వేసే ఏఎమ్‌డీ ఎపిక్ ప్రాసెసర్లలో ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ అని ఒక ఏర్పాటుంది. సర్వర్ తయారుచేసిన కంపెనీ దాన్ని వాడితే, ప్రాసెసర్ లోపల చిన్న ఫ్యూజులు కాలిపోయి ఆ కంపెనీ గుర్తు శాశ్వతంగా పడిపోతుంది. ఆ తర్వాత దాన్ని తీసి వేరే కంపెనీ బోర్డులో పెడితే ఆన్ కాదు. ఫర్మ్‌వేర్‌ని, అంటే బయోస్ లాంటి లోపలి ప్రోగ్రామ్‌ని, ఎవరూ మార్చకుండా కాపలా అంటారు, ఆ కాపలా అవసరమే. కానీ కాలిన ఫ్యూజు వెనక్కి రాదు. సర్వర్ పాతబడ్డాక, పదేళ్లు పనిచెయ్యగల ప్రాసెసర్ ఇంకో చోట పనికిరాదు. కొన్నవాడు తియ్యగలిగే తాళమైతే కాపలా. కొన్నవాడికే చెవి ఇవ్వకపోతే దాన్ని భద్రత అని నేననను.

హోస్ట్: ప్రభుత్వాలు ఏమైనా చేస్తున్నాయా?

బాబాయ్: కదలిక వచ్చింది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021 మేలో కాంగ్రెస్‌కి నివేదిక ఇచ్చింది. రిపేరు మీద ఆంక్షలకి కంపెనీలు చెప్పే కారణాలకి ఆధారాలు చాలా తక్కువ అని అందులో రాసింది. 2024లో ఆరెగాన్ రాష్ట్రం, పార్టుని సాఫ్ట్‌వేర్‌తో ఒకే మిషన్‌కి ముడివేసి రిపేరుని అడ్డుకోవడం కుదరదని చట్టం చేసింది. జనం గట్టిగా అడిగినా పనవుతుంది. 2025లో సైనాలజీ కంపెనీ కొత్త ప్లస్ మోడల్ స్టోరేజి పెట్టెల్లో తమ జాబితాలోని డ్రైవులే వేయాలంది. వాడేవాళ్లు మండిపడ్డారు, కొనడం మానేస్తామన్నారు. అదే ఏడు అక్టోబర్‌లో ఆ నిబంధన సడలించింది.

హోస్ట్: కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ముందుగా ఏం చూడాలి?

బాబాయ్: కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరుకుతుందా చూడు. మాన్యువల్ పెట్టారంటే విప్పడానికి వాళ్లకి అభ్యంతరం లేనట్టే. అందులో ర్యామ్ పేజీ ఉంటే స్లాట్ ఉంది. లేకపోతే అతికించారు, అప్పుడు కొనే రోజే ఐదేళ్లకి సరిపడా తీసుకో, తర్వాత చేసేదేం లేదు. స్టోరేజికి ఎమ్.2 స్లాట్ ఉండాలి, అంటే ఎస్‌ఎస్‌డీ అనే స్టోరేజి ముక్కని విడిగా గుచ్చి స్క్రూతో బిగించే చోటు. బ్యాటరీ స్క్రూలతో ఉందా, జిగురుతో అతికించారా చూడు. ఈ మూడూ అరగంటలో తెలిసిపోతాయి.

హోస్ట్: నా మిషన్‌కి ఆ మూడిట్లో ఎన్ని ఉన్నాయి?

బాబాయ్: రెండు. ర్యామ్ సంగతి చూశావు. ఇదిగో ఎస్‌ఎస్‌డీ, ఒక్క స్క్రూ. బ్యాటరీ నాలుగు స్క్రూలు, ఒక కనెక్టర్. నీ బ్యాటరీ కొద్దిగా ఉబ్బింది, ఈ అంచు చూడు, అందుకే టచ్‌ప్యాడ్ గట్టిగా నొక్కాల్సి వస్తోంది. దాన్ని ఈరోజే మార్చేద్దాం, ఉబ్బినదాన్ని ఉంచకూడదు. ఎస్‌ఎస్‌డీ పెద్దది వేస్తాను, నీ పాతది బయటి పెట్టెలో పెట్టి బ్యాకప్‌కి ఇస్తాను. బ్రౌజర్‌లో ట్యాబ్‌లు కొన్ని తగ్గించుకుంటే ఇంకో రెండు మూడేళ్లు నడుస్తుంది.

హోస్ట్: సరే బాబాయ్. స్క్రూలు ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను.

బాబాయ్: మూతలో ఏ చోటివి ఆ చోటే పెట్టు. ఆ పొడుగువి రెండూ కీలు దగ్గరివి. పొరపాటున ముందువైపు బిగిస్తే చేతులు ఆనించే చోట పైకి పొడుచుకొస్తాయి.