రింగు బాగుంది, దుమ్ముతోనే గొడవ: మా పాప టీథర్ రివ్యూ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తా, ఈ టీథర్, అదే పండ్లొచ్చే పిల్లలు కొరుక్కునే రింగు, నేను కొన్నది కాదు, కంపెనీవాళ్లు ఫ్రీగా పంపించారు. సైజు, రంగులు, ధర జోలికి పోను.

మా పాపకి ఏడో నెల. కింద చిగురు మీద పన్ను తెల్లటి గీతలా కనబడుతోంది. జొల్లు ఆగదు, రోజుకి ఐదారు గౌన్లు. దొరికిందల్లా నోట్లోకే: నా చున్నీ కొస, టీవీ రిమోట్, మా అత్తమ్మ తాళాల గుత్తి.

నాకు బాగా నచ్చింది దీని సన్నదనం. చూడండి, నా చిటికెన వేలంత లావు కూడా లేదు. పాప గుప్పిట్లో ఇట్లా ఇమిడిపోతుంది. ఇంతకుముందు మా ఊళ్లో టవర్ క్లాక్ దగ్గర నీళ్లు నింపిన టీథర్ ఒకటి కొన్నా. లావు, బరువు. నోటిదాకా ఎత్తలేక మొహం మీద పడేసుకుని ఏడ్చేది. వారం తిరక్కుండానే అతుకు దగ్గర కారింది. లోపలి నీళ్లు ఎంత మింగిందోనని ఆ రాత్రంతా టెన్షన్, కన్ను మూయలేదు. ఇదైతే ఒకే ముక్క సిలికాన్, లోపల ఏమీ లేదు. మరిగే నీళ్లలో వేసి తీసినా చెక్కుచెదరదు.

కోపం తెప్పించేది దుమ్ము. మా అనంతపురం గాలి సంగతి మీకు తెలుసు కదా, పొద్దున తుడిచిన తాడిపత్రి బండలు మధ్యాహ్నానికి కాళ్ల కింద గరగర. ఇది కిందపడిందంటే దుమ్ము, వెంట్రుకలు, దుప్పటి నూగు అన్నీ అంటుకుంటాయి. కొంగుతో తుడిస్తే పోవు, కడగాల్సిందే. నిన్న లెక్కపెట్టా, పదకొండుసార్లు!

ఎండకి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే పాపకి హాయిగా ఉంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టి చిగుళ్లకే దెబ్బ. మా అవ్వ క్యారెట్ ముక్క ఇమ్మంటుంది. విరిగి గొంతుకి అడ్డం పడుతుందని నేను ఒప్పుకోలేదు.

డబ్బాలో పొడుగాటి తాడొకటి వచ్చింది, మెడలో వేయడానికట. చూడగానే కత్తిరించి పారేశా. ఒక పసిబిడ్డ నిద్రలో పూసల దండ మెడకి బిగుసుకుని చనిపోయాక, పండ్లొచ్చే పిల్లలకి ఇట్లాంటి దండలు వేయొద్దని అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. ఆ తాడు ఎందుకు పెట్టారని కంపెనీవాళ్లకి మెయిల్ కూడా రాశా.

రింగు మాత్రం తీసుకోండి. నేనూ ఈసారి డబ్బు పెట్టి రెండోది ఆర్డర్ చేశా, ఒకటి కడిగి ఆరేలోపు పాప చేతిలో ఇంకొకటి ఉండాలి కదా.