అవుట్‌పాస్‌లో ఏం రాశావమ్మా?

హాస్టల్ విద్యార్థులు ఇంట్లో చెప్పకుండా చేసే విహారయాత్రల మీద విశాఖలోని ఒక స్టూడియోలో రికార్డు చేసిన చర్చ ఇది. మాట్లాడినవాళ్ళు నలుగురు: ఇంజనీరింగ్ మూడో ఏడాది విద్యార్థిని, నాలుగో ఏడాది విద్యార్థి, పాఠాలు చెబుతూనే చాలాకాలం హాస్టల్ వార్డెన్‌గా చేసిన లెక్చరర్, పాడేరు ఘాట్ మీద బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవర్. డ్రైవర్ గారి అమ్మాయి కూడా హాస్టల్లో ఉండే చదువుకుంటోంది. పేర్లు వద్దన్నారు కాబట్టి వేయలేదు.

యాంకర్: చలికాలం మొదలైందంటే శనివారం అర్ధరాత్రి చోడవరం, మాడుగుల మీదుగా బైకుల వరస కడుతుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు, లంబసింగి చలి, అరకు. ఏమ్మా, అసలు ఈ ప్లాన్లు ఎక్కడ పుడతాయి?

విద్యార్థిని: మెస్‌లో సార్. వరసగా మూడో రోజు కూడా అదే నీళ్ళ సాంబారు వచ్చినప్పుడు పుడతాయి. (నవ్వులు) నిజమే చెబుతున్నాను. మిడ్స్ అయిపోతాయి, రికార్డులు రాసి రాసి వేళ్ళు వాచిపోతాయి. ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపు పెట్టి దానికి ‘గోవా’ అని పేరు పెడతారు.

విద్యార్థి: ఆ గ్రూపులో 14 మంది ఉంటారు. వారం తిరిగేసరికి అరకు అవుతుంది. బయల్దేరే రోజుకి భీమిలి బీచ్ దగ్గర తేలుతుంది, అది కూడా ఐదుగురితో. మా బ్యాచ్ గోవా ఇప్పటికి నాలుగేళ్ళుగా వాయిదా పడుతోంది.

యాంకర్: వంజంగి మాత్రం వెళ్ళినట్టున్నారు?

విద్యార్థిని: వెళ్ళాం. ఏడుగురం. వార్డెన్‌కి అక్క నిశ్చితార్థం అని చెప్పాను. నాకు అక్క లేదు. ఫోటోలు స్టేటస్ పెట్టినప్పుడు అమ్మనీ నాన్ననీ హైడ్ చేశాను గానీ పెద్దమ్మ కొడుకుని మర్చిపోయాను. తెల్లారి ఎనిమిదింటికల్లా ఇంట్లో తెలిసిపోయింది. కొండ దిగేలోపే ఫోన్.

డ్రైవర్: మా అమ్మాయీ అంతే చేసుంటుంది. నాకు ఇంకా దొరకలేదంతే.

లెక్చరర్: నేను కాస్త అటువైపు నుంచి మాట్లాడతాను. జేఎన్‌టీయూ లెక్క ప్రకారం సెమిస్టర్‌కి 16 వారాల బోధన. హాజరు 75 శాతం ఉంటే చాలు. అంటే నాలుగు వారాలు మీకు వదిలేసినట్టే కదా. అందులో ఒక శని, ఆదివారం తిరిగి రావడానికి అబద్ధాలెందుకు?

విద్యార్థి: సార్, ఆ నాలుగు వారాలూ మా చేతిలో ఎక్కడున్నాయి? జ్వరానికి వారం. సంక్రాంతికి ఊరెళితే తిరుగు బస్సులో సీటు దొరక్క ఇంకో రెండు రోజులు. పొద్దున బస్సు పది నిమిషాలు లేటైతే మొదటి పీరియడ్ ఆబ్సెంట్. ఫెస్ట్ పనులు చేయమని మీరే పిలుస్తారు, ఆ గంటలకి హాజరు ఇవ్వరు. అలా 71కి వచ్చి ఆగుతాం.

యాంకర్: 71 అయితే?

లెక్చరర్: 65కీ 75కీ మధ్య ఉంటే ఆరోగ్య కారణం చూపించి, ఫీజు కట్టి మాఫీ అడగవచ్చు. కాండొనేషన్ అంటాం. 65 కంటే తగ్గితే డిటెయిన్. ఆ సెమిస్టర్ మళ్ళీ వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చుని చదవాలి.

విద్యార్థి: అందుకే సెమిస్టర్ చివర్లో మా క్లాసులో 20 మందికి ఒకే వారం టైఫాయిడ్ వస్తుంది. ఒకే డాక్టరు, ఒకే చేతిరాత.

లెక్చరర్: ఆ సర్టిఫికెట్లు నేనూ తీసుకున్నాను. దొంగవని తెలిసే సంతకం పెట్టాను. పెట్టకపోతే పిల్లాడికి ఏడాది పోతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఇబ్బందుల్లో పడుతుంది. ఏం చేయను?

యాంకర్: అయితే అబద్ధం కాలేజీకీ తెలుసు, పిల్లలకీ తెలుసు.

లెక్చరర్: తెలుసు. దాచి లాభం లేదు.

యాంకర్: డ్రైవర్ గారూ, మీరు ఆ రోడ్డు మీదే ఉంటారు. ఏం చూస్తుంటారు?

డ్రైవర్: వెళ్ళేటప్పుడు పెద్దగా భయం లేదండి, హుషారుగా ఉంటారు. భయమంతా తిరుగు ప్రయాణంలోనే. రాత్రంతా నిద్ర ఉండదు, తెల్లారకముందే కొండెక్కుతారు, ఫోటోలు దిగుతారు, ఎండ పొడవగానే బండి తీస్తారు. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుద్దని ఇంజన్ ఆపేసి వదిలేస్తారు. భారమంతా బ్రేకుల మీదే పడుద్ది. బ్రేకులు వేడెక్కితే పట్టవు. మేం బస్సయినా ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగుతాం. పొగమంచులో ఫుల్ లైటు వేస్తారు, ఆ వెలుతురు మంచుకి కొట్టుకుని వాళ్ళ కళ్ళలోకే వస్తుంది. డిమ్ వేసుకోవాలి. ఇవి ఎవరూ చెప్పరు వాళ్ళకి. చెప్పాలంటే ముందు వాళ్ళు వెళ్తున్నారని ఒకరికి తెలియాలి కదా.

విద్యార్థిని: మా బండి ఒకటి మలుపులో జారింది అంకుల్. మోకాలు చీరుకుపోయింది. ఆసుపత్రికి వెళ్తే ఇంటికి ఫోన్ చేస్తారేమోనని పసుపు రాసుకుని వచ్చేశాం.

డ్రైవర్: (కాసేపు ఆగి) అదే చూడండి.

లెక్చరర్: ఇది ఇంతవరకు ఎందుకొచ్చిందో నేను చెబుతాను. మునుపు మేమే టూర్లు తీసుకెళ్ళేవాళ్ళం. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఫోటోలు దిగుతుంటే పైన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. కళ్ళ ముందు మోకాలి లోతు నీళ్ళున్న నది నిమిషాల్లో అలా అయింది. ఆ వీడియో చూసిన వారం నేను నిద్రపోలేదు. తర్వాత చాలా కాలేజీలు నేర్చుకున్న పాఠం ఏంటంటే, టూర్లే మానేయడం.

యాంకర్: తప్పా అది?

లెక్చరర్: భయంతో చేసిన పని. నేనూ సమర్థించాను. నిజానికి నేర్చుకోవాల్సింది డ్యామ్ దిగువన నదిలోకి దిగకూడదని, ఊరి మనిషి ఒకరు వెంట ఉండాలని. మేం టూర్లు మానేశాం, పిల్లలు ప్రయాణాలు మానలేదు. ఇంతకుముందు ఇద్దరు లెక్చరర్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా వెంట ఉండేవి. ఇప్పుడు పసుపు ఉంది.

విద్యార్థి: సార్, అబ్బాయిలం కాబట్టి మాకు కొంత నయం. గేటు తొమ్మిదింటికి. వాచ్‌మన్ అన్నతో మాట్లాడుకుంటే పదైనా పర్లేదు.

విద్యార్థిని: మాకు ఆరున్నర. చలికాలంలో ల్యాబ్ అయ్యేసరికే చీకటి. జెరాక్స్‌కి వెళ్ళాలన్నా కారణం రాసిచ్చే అవుట్‌పాస్, ఇంటికి ఫోన్, నాన్న ‘సరే’ అనాలి. నాన్న పొలంలో ఉంటే ఫోన్ ఎత్తరు. ఎత్తకపోతే నా జెరాక్స్ పోయింది.

లెక్చరర్: భద్రత పేరు చెప్పి హాస్టల్లో అమ్మాయిలకు వేరే నిబంధనలు పెట్టకూడదని 2013లోనే యూజీసీ ‘సక్షమ్’ నివేదిక చెప్పింది. నేను వార్డెన్‌గా ఉన్నప్పుడు అది చదివాను. గేటు వేళ మార్చలేదు. తల్లిదండ్రులే ఒప్పుకోలేదని చెప్పుకున్నాను.

డ్రైవర్: నేనైతే ఒప్పుకునేవాణ్ణి కాదు సార్, అప్పుడు. ఇప్పుడు ఈ పసుపు సంగతి విన్నాక... ఏమో. మా అమ్మాయి వెళ్తానంటే నా బస్సెక్కి రమ్మంటాను. పాడేరులో దిగి, అక్కడి నుంచి ఆటో. రాత్రి బండి వద్దంటాను. కొండకి వద్దనను.

విద్యార్థిని: అంకుల్, మీరు ఆ మాట మా నాన్నతో ఒకసారి...

డ్రైవర్: నంబరు ఇయ్యమ్మా.

యాంకర్: రైలు సంగతి ఎవరూ ఎత్తలేదే. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ పాసింజర్ పొద్దున ఏడు కాకముందే బయల్దేరుతుంది. సొరంగాలు, బొర్రా గుహలు, కిటికీ పక్క సీటు. నా చదువు రోజుల్లో అదే మాకు విహారయాత్ర.

విద్యార్థి: ఆదివారం కిటికీ సీటు కావాలంటే ఐదింటికే స్టేషన్లో ఉండాలి సార్. హాస్టల్ గేటు తీసేది ఆరింటికి.

లెక్చరర్: ఇది మాత్రం మార్చవచ్చు. గంట ముందు గేటు తీయడానికి ఏ యూనివర్సిటీ అనుమతీ అక్కర్లేదు. వెళ్ళే చోటు, వెంట ఉన్నవాళ్ళ నంబర్లు, తిరిగొచ్చే టైము ఒక కాగితం మీద నిజంగా రాసిచ్చి వెళ్ళండి, నేను సంతకం పెడతాను అనేవాడు ఒకడుండాలి. అది మా కాలేజీలో ఈ నెలే అడుగుతాను. ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు.

యాంకర్: సమయం దగ్గరపడింది. అమ్మా, నీకూ ఆరున్నర గేటు కదా?

విద్యార్థిని: అవును సార్, ఇప్పటికే ఐదు నలభై.

లెక్చరర్: ఒక్క మాట. ఇవాళ ఇక్కడికి రావడానికి అవుట్‌పాస్‌లో ఏం రాశావమ్మా?

విద్యార్థిని: పంటి నొప్పి అని రాశాను సార్. ఈ ప్రోగ్రాం ఎప్పుడు వేస్తారు?

యాంకర్: శనివారం సాయంత్రం.

విద్యార్థిని: హమ్మయ్య. శనివారం ఊరికెళ్తున్నాను. అది మాత్రం నిజమే.