యున్నాన్ గులాబీ బింగ్: పొర విడిపోవాలి, రేకు కనపడాలి

నమస్తే అండీ! ఇవాళ చేస్తున్నది చైనాలో యున్నాన్ వాళ్ల షియన్‌హువా బింగ్. షియన్‌హువా అంటే తాజా పువ్వు. బింగ్ అంటే బిళ్లలా గుండ్రంగా ఉండే రొట్టె. పైన పొరలు పొరలుగా విడిపోయే పిండి, లోపల గులాబీ రేకులు.

యున్నాన్ చైనాకి నైరుతి మూలన ఉంది. దాని రాజధాని కున్మింగ్ సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎండా చలీ రెండూ మితమే, అందుకే దానికి వసంత నగరం అని పేరు. అక్కడ పువ్వుల్ని కూరల్లో కూడా వేసుకుంటారు. ఈ బింగ్ చైనా చివరి రాజవంశమైన క్వింగ్ రాజుల కాలం నుంచి వస్తోందని చెబుతారు. బీజింగ్‌లోనూ వసంతం వస్తే గులాబీతో, విస్టీరియా అనే తీగ పూలతో ఇలాంటివి చేసేవారు, ఆ పూలు పూసిన నాళ్లలోనే. నాకు ఈ వంట మీద ఇంత ఇష్టం అందుకే. ఒక ఊరి రుతువు మన చేతిలోకి వస్తుంది.

ముందు పువ్వు. పూలకొట్టు గులాబీలు వద్దండీ, మందులు కొట్టి ఉంటారు. మందు కొట్టని, వాసనున్న నాటు గులాబీలే తీసుకోండి. రేకు అడుగున తెల్లటి మొన ఉంది చూశారా? అది చేదు, కత్తిరించేయండి. 100 గ్రాముల రేకులకి 150 గ్రాముల పంచదార వేసి చేత్తో నలపండి. మిక్సీ వద్దు, రేకు రేకులాగే ఉండాలి. ఇదిగో, రసం ఊరి ముదురు ఎరుపుకి తిరిగింది. కొంచెం తేనె కలిపి సీసాలో వారం ఉంచండి. అచ్చం మన గుల్కందే! తీరిక లేకపోతే మంచి గుల్కంద్ వాడుకోండి. ఏదైనా సరే, అది 220 గ్రాములు, వేయించిన బియ్యప్పిండి 80 గ్రాములు కలిపి 12 ఉండలు చేయండి.

ఇక పిండి. అక్కడ పంది కొవ్వు వాడతారు, నేను పేరుకున్న నెయ్యి వాడుతున్నా. మొదటి ముద్దకి మైదా 150, నెయ్యి 50, పంచదార 15, నీళ్లు 65 గ్రాములు. మెత్తగా సాగేదాకా పిసకాలి. రెండోదానికి మైదా 120, నెయ్యి 60, అంతే. నీళ్లు లేవు కాబట్టి ఇది సాగదు. సాగే పొరల మధ్య ఈ సాగని పొర అడ్డుంటుంది కాబట్టే అవి అతుక్కోవు. మడత కాజాకి పొరల మధ్య నెయ్యీ పిండీ రాస్తాం కదా, అదే కిటుకు.

రెండు ముద్దల్నీ పన్నెండేసి ఉండలు చేసి, మొదటిదాంట్లో రెండోది పెట్టి మూసేయండి. పొడవుగా ఒత్తి చాపలా చుట్టండి. 15 నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. మళ్లీ ఒత్తి, మళ్లీ చుట్టి, మళ్లీ 15 నిమిషాలు. మొదటిసారి నేను ఆగలేక వెంటనే ఒత్తేశాను. పొరలన్నీ చిరిగి గులాబీ పాకం ట్రే నిండా కారి మాడింది. ఆ అరగంటే ఈ వంటకి ప్రాణం.

ఇప్పుడు అంచులు పల్చగా, నడుమ మందంగా ఒత్తి, గులాబీ ఉండ పెట్టి, బొబ్బట్టుకి పూర్ణం మూసినట్టు మూయండి. అతుకు కిందికి పెట్టి అరచేత్తో మెల్లగా అదమండి. పైన గుడ్డు సొన పూయకండి, తెల్లగా ఉంటేనే అందం. ఒవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్‌లో 25 నిమిషాలు కాల్చండి.

అయిపోయింది. కోస్తున్నా, ఆ చప్పుడు వినండి... లోపల రేకులు విడివిడిగా కనపడుతున్నాయి. పది నిమిషాలు చల్లారనిచ్చి తినండి, పాకం నాలుక కాలుస్తుంది.