ఏ కామెంట్ ఉంచాలి, ఏది లేపేయాలి

(ఈ ఎపిసోడ్‌లో ఇద్దరు మాట్లాడుతున్నారు: వార్తా వెబ్‌సైట్ డెస్క్ చూసే ఎడిటర్, మీడియా కేసులు వాదించే లాయర్.)

ఎడిటర్: నమస్తే లాయర్ గారూ. పాఠకుల నుంచి మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్నతోనే మొదలుపెడదాం. "నా కామెంట్ లేపేశారు, ఇదేనా భావ ప్రకటనా స్వేచ్ఛ?" అంటారు.

లాయర్: నమస్తే మేడమ్. భావ ప్రకటనా స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19(1)(ఎ) హక్కు ప్రధానంగా ప్రభుత్వం నోరు నొక్కకుండా ఉండటానికి. 2023లో కౌశల్ కిషోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఈ హక్కును ప్రైవేటు వాళ్ల మీద కూడా అమలు చేయొచ్చని మెజారిటీతో అంది, నిజమే. కానీ దాన్ని పట్టుకుని పత్రిక చేత కామెంట్ వేయించడం వేరే సంగతి. ఎడిటర్‌కు లేఖ రాసినవాడు "అచ్చెయ్యకపోతే కేసు" అనడం ఎప్పుడైనా విన్నామా?

ఎడిటర్: పైగా లేఖకు పూర్తి పేరు, చిరునామా ఉండాలనేవాళ్లం. ఇప్పుడు ఎవడో సింహం బొమ్మ పెట్టుకుని రాత్రి రెండింటికి రాస్తాడు.

లాయర్: ఆ సింహం బొమ్మకీ హక్కుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు ఐటీ చట్టం సెక్షన్ 66ఎ కొట్టేసింది, ఆన్‌లైన్‌లో నొప్పించేలా రాస్తే జైలు అనేది అదే. జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ బెంచ్. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లా మనిషే. 66ఎ గురించి అందరూ చెప్తారు గానీ, అదే తీర్పులో, వేదిక నడిపేవాళ్లకు రక్షణనిచ్చే సెక్షన్ 79 గురించి అన్నది మీ డెస్క్‌కి ఇంకా ముఖ్యం. పాఠకుడు రాసినదానికి వేదిక నడిపేవాడు ఎప్పుడు బాధ్యుడు? కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటిఫికేషనో వచ్చి, అప్పటికీ తీయకపోతే. ఎవరో ఫోన్ చేసి "తీసెయ్, లేకపోతే చూస్కో" అంటే సరిపోదు.

ఎడిటర్: కానీ ఆ ఫోన్లకే చాలామంది తీసేస్తారు సార్.

లాయర్: భయంతో తీస్తారు. తీయాల్సినవి మాత్రం వారాల తరబడి ఉంటాయి. 79లో ఇంకో మెలిక చూడండి. ఆ రక్షణ కావాలంటే మీరు ఆ సమాచారాన్ని ఎంచుకోకూడదు, మార్చకూడదు. బూతు మాట మధ్యలో చుక్కలు పెట్టి మిగతాది ఉంచే అలవాటు కొన్ని డెస్క్‌లలో ఉంది. అది "మార్చడం" అనే వాదనకు తలుపు తీసినట్టే. ఉంచితే మొత్తం ఉంచండి, తీస్తే మొత్తం తీయండి. "ఎడిటర్ మెచ్చిన కామెంట్" అని పైన పిన్ చేశారనుకోండి, దానికి మాకేం సంబంధం లేదనడం కష్టం.

ఎడిటర్: మరి మాకు మేముగా తీసేస్తే రక్షణ పోతుందా?

లాయర్: పోదు. నియమాలకు విరుద్ధమైనదాన్ని స్వచ్ఛందంగా తీస్తే 79కి భంగం కాదని 2021 ఐటీ రూల్స్‌లోనే ఉంది. అలా తీసినదాన్ని 180 రోజులు దాచాలని కూడా అందులోనే ఉంది. తీసేయడమంటే చెరిపేయడం కాదు. చాలాచోట్ల డిలీట్ బటన్ నొక్కితే డేటాబేస్‌లోంచే పోతుంది, తర్వాత పోలీసులు అడిగితే చేతిలో ఏమీ ఉండదు. బటన్ పని "దాచు" అయ్యుండాలి.

ఎడిటర్: బయటి దేశాల్లో ఇంత వెసులుబాటు లేదు కదా?

లాయర్: ఎస్టోనియా చూడండి. 2006 జనవరిలో డెల్ఫీ అనే న్యూస్ పోర్టల్ ఒక ఫెర్రీ కంపెనీ మీద వార్త వేసింది. కింద 185 కామెంట్లు, అందులో ఓ ఇరవై ఆ కంపెనీ యజమానిని బెదిరించేవి, తిట్టేవి. ఆరు వారాల తర్వాత అతని లాయర్లు అడిగిన రోజే తీసేశారు. డెల్ఫీకి బూతు ఫిల్టర్ ఉంది, రిపోర్ట్ బటన్ ఉంది. అయినా కోర్టులో ఓడిపోయారు. పరిహారం 5,000 క్రూన్లు, అంటే 320 యూరోలు. డబ్బు చిన్నదే. కానీ 2015 జూన్‌లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు గ్రాండ్ ఛాంబర్ 15-2తో దాన్ని సమర్థించింది. ఏడాది తిరక్కముందే హంగరీ కేసులో అదే కోర్టు పోర్టల్ పక్షాన నిలిచింది. అక్కడ కామెంట్లు మోటుగా ఉన్నాయి గానీ ద్వేషం, బెదిరింపు లేవు.

ఎడిటర్: అంటే మోటుతనం వేరు, బెదిరింపు వేరు. మన దగ్గర డెస్క్‌లు సరిగ్గా తలకిందులుగా చేస్తాయి. బూతును పట్టుకుంటాయి, బెదిరింపును వదిలేస్తాయి. "మీ ఇల్లు ఎక్కడో తెలుసు అన్నా" అనే వాక్యంలో ఒక్క చెడ్డ మాట లేదు చూడండి.

లాయర్: ఆస్ట్రేలియాలో ఇంకా ఘోరం. 2021లో వోలర్ కేసులో పత్రికల ఫేస్‌బుక్ పేజీల కింద జనం రాసినదానికి కూడా పత్రికలే ప్రచురణకర్తలని హైకోర్టు అంది. అక్కడ హైకోర్టే అత్యున్నత కోర్టు. సీఎన్ఎన్ ఆ దేశంలో తన ఫేస్‌బుక్ పేజీలే కనపడకుండా చేసుకుంది. సరే, ఫిల్టర్ సంగతి మీరు చెప్పండి.

ఎడిటర్: తెలుగులో ఫిల్టర్ పెద్ద తలనొప్పి. "ముండ" అనే మాటను నిషేధ జాబితాలో వేసి, ఎక్కడ కనపడినా ఆపమన్నారనుకోండి. బిర్సా ముండా జయంతి వార్త కింద ఆయన పేరు రాసిన ప్రతి కామెంటూ ఆగిపోతుంది. మహారాష్ట్ర నేత గోపీనాథ్ ముండే పేరు రాసినా ఆగుతుంది. రైతు "చేను చుట్టూ ముండ్లకంప వేశా" అని రాసినా ఆగుతుంది. కంప్యూటర్‌కు దీర్ఘం, ఏత్వం, వత్తు విడి కోడ్‌లు. వాటిని తగిలించినా పాత మాట లోపల అలాగే ఉంటుంది.

లాయర్: మాట విడిగా ఉంటేనే ఆపమంటే?

ఎడిటర్: అప్పుడు "ముండలు", "ముండని" దర్జాగా దాటిపోతాయి. తెలుగులో విభక్తి మాటకే అతుక్కుంటుంది కదా. అందుకని ప్రతి తిట్టుకూ బహువచనం, సంబోధన, విభక్తి రూపాలు విడిగా రాసుకోవాలి. పక్కన మినహాయింపుల జాబితా ఉండాలి, పేర్లతో సహా. "నా కొడుకు"నే తీసుకోండి. "నా కొడుక్కి గ్రూప్-2 రాలేదు" అనేది ఒక తల్లి బాధ. "నాకొడకా" అనేది తిట్టు. ఆపాల్సింది ఆ సంబోధన రూపాన్ని. ఇక కనపడని అక్షరం ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. "పాడ్‌కాస్ట్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత మనం రోజూ వాడేదే. తిట్టు మధ్యలో అది దూరిస్తే కంటికి ఏ తేడా ఉండదు, ఫిల్టర్‌కు మాత్రం వేరే మాట. పోల్చే ముందు దాన్ని తీసేసి చూడాలి. మూలం మాత్రం ముట్టుకోకూడదు.

లాయర్: ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లో?

ఎడిటర్: అక్కడ ఒక్కో తిట్టుకు ఐదారు స్పెల్లింగులు. ఒకరు రెండు ఓలు వేస్తారు, ఇంకొకరు ఒక యూతో సరిపెడతారు. వరసగా వచ్చే ఒకే అక్షరాన్ని ఒకటిగా కుదించి, "టీహెచ్"ను "టీ"గా మార్చి పోలిస్తే చాలావరకు దొరుకుతాయి. ఎన్ని చేసినా ఒక నియమం తప్పకూడదు: ఫిల్టర్ కామెంట్‌ను క్యూలో ఆపాలి, కొట్టేయకూడదు. కొట్టేసేది మనిషే.

లాయర్: ఆ మనుషులు ఎంతమంది కావాలి?

ఎడిటర్: న్యూయార్క్ టైమ్స్‌లో 2017 నాటికి రోజుకు పదకొండు వేల కామెంట్లకు 14 మంది ఉండేవాళ్లు. అయినా పదింట ఒక వార్త కిందే కామెంట్లు తెరిచేవాళ్లు. ఆ తర్వాతే యంత్రం సాయం తీసుకున్నారు. అమెరికాలోనే ఎన్‌పీఆర్ అనే రేడియో సంస్థ 2016లో కామెంట్లు మొత్తం మూసేసింది. ఆ ఏడాది జులైలో సైట్‌కి 3.3 కోట్ల మంది వచ్చారు, కామెంట్ రాసింది 19,400 మంది. నా దృష్టిలో మూసేయడం ఓటమే. కానీ ముగ్గురు మనుషులతో అన్ని వార్తల కిందా తెరవడం అంతకంటే తప్పు. ప్రతి వార్తకూ ప్రచురించే ముందే తెరవాలా వద్దా అని టిక్ ఉండాలి. అత్యాచారం, పిల్లల మీద నేరం, ఆత్మహత్య, కుల గొడవ: ఇవి మూసే ఉంచాలి.

లాయర్: అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72 కింద రెండేళ్ల దాకా జైలు. 2019లో శంషాబాద్ ఘటనప్పుడు పోలీసులు "దిశ" అని పిలవమనేలోపే అసలు పేరు ఊరంతా తిరిగింది. వార్తలో మీరు జాగ్రత్తగా ఉంటారు, కింద ఎవరో "ఆ అమ్మాయి మా వీధే, పేరు ఫలానా" అని రాస్తారు.

ఎడిటర్: మిగతావి మనిషి మేలుకుని ఉన్న వేళల్లోనే తెరవాలి. రాత్రి పదకొండుకు క్యూలోకి మళ్లించాలి, ఉదయం ఆరుకు వదలాలి. మూడు రోజులు దాటిన వార్త కింద పూర్తిగా మూసేయాలి. పాత వార్త కిందకి వచ్చేది ఎక్కువగా లోన్ యాప్ ప్రకటనలే. తీసిన ప్రతిదానికీ లాగ్‌లో టైమ్, ఏ నియమం, తీసిందెవరు అని రాయాలి. రాసినవాడికి ఒక్క లైను కారణం వెళ్లాలి. చెప్పకుండా తీస్తేనే "పార్టీకి అమ్ముడుపోయారు" అనే మాట పుడుతుంది.

లాయర్: పార్టీ అంటే గుర్తొచ్చింది. "పేటీఎం బ్యాచ్", "పచ్చ బ్యాచ్" అని రాస్తే?

ఎడిటర్: ఉంచుతాం. అది ఒక పార్టీ అభిమానులను ఎగతాళి చేయడం, అంతే. రెండు పక్షాల తిట్టూ ఉంచాలి, ఒకటే తీస్తే గొడవ. అదే కులం పేరు ఎత్తి కించపరిస్తే తీసేస్తాం.

లాయర్: పరువు నష్టం దగ్గర గీత ఇంకోచోట ఉంటుంది. "ఈ ఎమ్మెల్యే చేతగానివాడు" అనేది అభిప్రాయం. "ఈ ఎమ్మెల్యే ఫలానా సర్వే నంబర్లో చెరువు భూమి కొట్టేశాడు" అనేది ఆరోపణ. మొదటిది ఘాటుగా ఉన్నా ఉంచొచ్చు. రెండోది మర్యాదగా రాసినా ఆపాలి.

ఎడిటర్: ఆపి, రెండోదాన్ని రిపోర్టర్‌కి పంపాలి. సర్వే నంబరుతో సహా రాశాడంటే వాడికేదో తెలుసు.